మీద అంటే ఆన్ కాదూ?

పోయిన సంక్రాంతికి మా ఊరు వెళ్ళినప్పుడు మా అమ్మ ఒక తెల్లకాగితం నా చేతికిచ్చి, "తప్పులుంటే దిద్దవే" అంది. బ్యాంకు మేనేజరుకి రాసిన అర్జీ. ఆవిడ ఫిక్సెడ్ డిపాజిట్టుమీద మూణ్ణెల్లకోసారి పడవలసిన వడ్డీ రెండుసార్లు పడలేదట.

"తెలుగులోనే రాయకపోయావా అమ్మా, వాళ్ళూ తెలుగువాళ్ళేగా" అన్నాను.

"తెలుగులో రాస్తే బల్లమీద పెడతారు. ఇంగ్లీషులో రాస్తే చదువుతారు" అంది. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

గుండ్రటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన మార్జిను. పైన విషయం అని ఉండేచోట, ఇంగ్లీషులో, 'ఇంట్రెస్ట్ ఇన్ మై డిపాజిట్' అని రాసి కింద రెండు గీతలు గీసింది. నాకు నవ్వాగింది కాదు. "వడ్డీకి ఇన్ కాదమ్మా, ఆన్ రావాలి" అన్నాను.

అమ్మ నావంక ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే చెప్పావుగా, ఇంట్రెస్ట్ తర్వాత ఇన్ రావాలని! ఏడ్చి మరీ చెప్పావు."

ఆ ఏడ్చి మరీ చెప్పిన సంగతి మీకు చెప్పాలి. అది 2002 నాటి మాట. బి.ఏ. అయింది, హైదరాబాదులో ఒక కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. బల్లకవతల ముగ్గురు. నీ గురించి చెప్పమన్నారు. రైల్లో రాత్రంతా బట్టీపట్టిన వాక్యం ఒప్పజెప్పాను: ఐ హావ్ ఇంట్రెస్ట్ ఆన్ హిస్టరీ అండ్ లిటరేచర్. నడిమాయన కళ్ళజోడు సర్దుకుని, "ఎట్ వాట్ రేట్?" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు, వాళ్ళు నవ్వారు గనక. చరిత్రమీద నాకు ఎంత శాతం వడ్డీ వస్తోందని ఆయన అడిగాడని రాత్రి హాస్టల్లో ఒకమ్మాయి విడమర్చి చెబితేగాని నాకు తెలియలేదు. ఆ తర్వాత ఇంగ్లీషులో మాట్లాడవలసిన ఏ ఉద్యోగానికీ నేను దరఖాస్తు పెట్టలేదు. ఇంటికొచ్చి అమ్మ ఒడిలో పడి ఏడుస్తూ, "ఇన్ అట అమ్మా, ఆన్ కాదట" అన్నాను కాబోలు. అమ్మ అది మనసులో రాసిపెట్టుకుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత బ్యాంకువాళ్ళమీద ప్రయోగించింది.

మా ఊరి పేరు నగరం. నవ్వకండి. పేరుకు నగరమేగాని వరిచేల మధ్య ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గుంటూరు జిల్లాలోంచి బాపట్ల జిల్లాలోకి వచ్చిపడింది. చదువుకోవాలన్నా, పుస్తకం కొనాలన్నా రేపల్లె వెళ్ళి రైలెక్కి, భట్టిప్రోలు, వేమూరు దాటి తెనాలిలో దిగడం మా అలవాటు. కాలేజీలో "మీదే నగరం?" అని ఎవరైనా అడిగితే "నగరమే" అని చెప్పి తికమక పెట్టేదాన్ని.

అమ్మ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగింది. 1973లో పదోతరగతి రాసింది. అన్నిట్లో పాసయింది, ఇంగ్లీషులో నాలుగు మార్కులు తగ్గాయి. సెప్టెంబరుకి మళ్ళీ కడతానంటే తాతయ్య సరేనన్నాడు గాని, శ్రావణమాసంలో ముహూర్తం కుదిరింది. అంతే, ఆ నాలుగు మార్కులు అలాగే ఉండిపోయాయి. ఖాళీలు పూరించే ప్రశ్నలో నాలుగు పోయాయని ఆవిడ నమ్మకం. ఇప్పటికీ పేపర్లో ఇంగ్లీషు పాఠం పడితే కత్తిరించి దాస్తుంది. కాబట్టి ఆ కాగితంమీద నేను నవ్వడం, ఆ నడిమాయన నామీద నవ్వడం కంటే పెద్ద తప్పేనని కాసేపటికి తోచింది. పండగ పిండివంటల మధ్య కూర్చుని, అసలీ 'ఇన్'లూ 'ఆన్'లూ మనల్నెందుకింత ఏడిపిస్తున్నాయా అని ఆలోచించాను. బి.ఏ.లో చదివింది చరిత్రే కదా, ఇక్కడైనా పనికి రానీ అనుకున్నాను.

మొదట మన సంగతే చూడండి. నీమీద ప్రేమ, నీమీద కోపం, దేవుడిమీద భక్తి, చదువుమీద శ్రద్ధ, డబ్బుమీద ఆశ, పుస్తకాలమీద ఆసక్తి, అప్పుమీద వడ్డీ. ఏడింటికీ ఒక్క 'మీద'తో సంసారం గడుపుకొస్తున్నాం. ఇంగ్లీషువాడు ప్రేమకి ఫర్ అంటాడు. కోపానికి ఎట్ అనో విత్ అనో అంటాడు. భక్తికీ శ్రద్ధకీ టు, ఆశకి మళ్ళీ ఫర్, ఆసక్తికి ఇన్. చివరికి వడ్డీకి ఆన్ ఇస్తాడు. దాడికీ, పన్నుకీ, నిషేధానికీ కూడా ఆన్ వేస్తాడు. అంటే నెత్తిమీద పడి బరువయ్యేవాటికి 'మీద' అనడానికి అతనికి అభ్యంతరం లేదన్నమాట. మనకి ప్రేమ కూడా మీదే కూర్చుంటుంది. ఏం చేస్తాం, మన ప్రేమలు అలాంటివి.

ఇందులో తిరకాసు మరొకటి ఉంది. మన విభక్తి ప్రత్యయం నామవాచకానికి వెనక అతుక్కుంటుంది. ఇంగ్లీషు ప్రిపొజిషన్ ముందుంటుంది; ఆ పేరుకే ముందు పెట్టబడినది అని అర్థం. ఇంతవరకు మేష్టార్లందరూ చెబుతారు. చెప్పనిది ఏమిటంటే, రెండు నామవాచకాల మధ్య ఇరుక్కున్న ఆ చిన్నమాట ఏదై ఉండాలో తేల్చేది తరచుగా ముందున్న నామవాచకం. రీజన్ అనగానే ఫర్ రావాలి, కాజ్ అనగానే ఆఫ్ రావాలి. మనకి రెండూ కారణాలే. కీ అంటే టు, క్యూర్ అంటే ఫర్, డిమాండ్ అంటే ఫర్, లాక్ అంటే ఆఫ్. పిల్ల కాపురం చేసేది అత్తవారింట్లోనే, కాని గుణగణాలన్నీ పుట్టింటివి అంటారే, అలాగ. మనం అత్తవారింటిని చూసి పేరు పెడతాం, వాళ్ళు పుట్టింటిని చూసి పెడతారు.

పైగా క్రియగా ఉన్నప్పుడు ఒంటరిగా తిరిగే మాట నామవాచకం కాగానే తోడు లేనిదే గడప దాటదు. డిస్కస్‌కి అబౌట్ అక్కర్లేదు, డిస్కషన్‌కి కావాలి. రిక్వెస్ట్ చేసేటప్పుడు ఫర్ వద్దు, రిక్వెస్ట్ పెట్టేటప్పుడు ఫర్ ఉండాలి. డిస్కస్ అబౌట్ అనకూడదని మా అమ్మాయి నన్ను దిద్దితే, భయపడి నేను డిస్కషన్ పక్కన కూడా అబౌట్ మానేశాను కొన్నాళ్ళు. దానికీ తిట్టింది.

ఐతే ఇంగ్లీషువాళ్ళకి ఈ బాధ పుట్టుకతో రాలేదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో వాళ్ళకీ మనలాగే విభక్తులుండేవి. నామవాచకం చివర ప్రత్యయం మారేది; కర్తకొకటి, కర్మకొకటి, 'యొక్క'కొకటి, 'కి'కొకటి. తర్వాత పడవలమీద వచ్చిన ఉత్తరదేశపు దండులు అక్కడే కాపురాలు పెట్టాయి. 1066లో ఫ్రాన్సునుంచి నార్మన్లు వచ్చి సింహాసనమెక్కారు. ఇంతమందితో నలిగేసరికి, అంతకుముందే సన్నబడుతూ వచ్చిన మాటల చివరి అచ్చులు అరిగిపోయాయి, వాటితోపాటు విభక్తులూ రాలిపోయాయి. హిమ్, హిజ్ లాంటి సర్వనామాల్లోనూ, పేరు పక్కన తగిలించే ఎస్‌లోనూ ఆ శిథిలాలు ఇంకా కనిపిస్తాయి. రాలిపోయిన ప్రత్యయాల పనంతా చేతికందిన చిన్నమాటలమీద పడింది. ఈ రోజున మన పిల్లలు వేలసార్లు రాసే ఆఫ్‌నే తీసుకోండి. అదీ, దూరంగా అని అర్థమిచ్చే రెండు ఎఫ్‌ల ఆఫూ ఒకప్పుడు ఒకటే మాట. ఫ్రెంచివాళ్ళ 'ద' చేసే చాకిరీ చూసి దానికీ 'యొక్క' ఉద్యోగం అప్పగించారు. మిల్టన్ మహాకవి 1667లో తన పారడైజ్ లాస్ట్‌ని మొదలుపెట్టిన మొట్టమొదటి మాట ఆ ఆఫే.

ఇలా ఒక్కొక్క చిన్నమాటకి పదేసి పనులు వచ్చిపడ్డాక, ఏ నామవాచకం వెనక ఏది నిలబడాలన్నది లెక్కప్రకారం తేలలేదు, వాడుకప్రకారం తేలింది. వాళ్ళలోనే కాలానికో రకంగా మారింది. మన పెళ్ళి శుభలేఖల్లో ఇంగ్లీషు వైపు ఫలానా అమ్మాయి మ్యారేజ్ విత్ ఫలానా అబ్బాయి అని వేస్తే, టు అని ఉండాలని ఎత్తిపొడుస్తుంటారు. ఇంగ్లండులో చనిపోయిన భార్య చెల్లెల్ని పెళ్ళాడవచ్చా అని పందొమ్మిదో శతాబ్దమంతా వాదులాడుకుని, చివరికి 1907లో ఆడవచ్చని చట్టం చేశారు. అన్నేళ్ళూ వాళ్ళ పార్లమెంటులో నలిగిన మాట మ్యారేజ్ విత్ అనే. అన్నట్టు, తెలుగు శుభలేఖలో 'ఫలానావారికిచ్చి' అని వేస్తాం కదా, అక్కడ మనది టు. పిల్లని ఇచ్చేటప్పుడు టు, వాళ్ళిద్దరే చేసుకుంటే విత్. ఎంత చక్కటి తేడా! ఇంగ్లీషులో ఐతే సీత రాముడికి టు, రాముడూ సీతకి టు. ఆ లెక్కన మొగుణ్ణి కూడా ఇచ్చేస్తారన్నమాట. ఇది నాకు నచ్చింది.

ఇంకో సంగతి వింటే మీకూ నాలాగే ముచ్చటేస్తుంది. ఒక తరం ఇంగ్లీషు పిల్లలందరినీ పాలించిన వ్యాకరణం రాసింది లిండ్లీ మర్రీ అనే అమెరికా వకీలు. ఆరోగ్యం బాగాలేక ఇంగ్లండులో యార్క్ నగరం దగ్గర స్థిరపడ్డాడు. ఆ ఊళ్ళో క్వేకర్ల ఆడపిల్లల బడి ఒకటుండేది. అక్కడి పంతులమ్మలు, మా పిల్లలకి పనికొచ్చే వ్యాకరణం లేదు, మీరు రాసిపెట్టండి అని అడిగితే 1795లో రాశాడు. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. సొంత భాష వాళ్ళ ఆడపిల్లలకే ఎవరో కూర్చుని రాసిపెట్టవలసి వచ్చిందన్నమాట. మా అమ్మకి చెబితే, "అయితే వాళ్ళకీ మార్కులు పోయేవేమో" అంది తృప్తిగా.

మనదాకా వచ్చేసరికి వ్యవహారం మొదట తలకిందులుగా నడిచింది. పరీక్షలు రాసింది మనం కాదు, దొరలు. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాల పెట్టి, సీమనుంచి దిగిన కుర్ర ఉద్యోగులకి ఇక్కడి భాషలు నేర్పి పరీక్షించేవారు. వాళ్ళ కోసం కాంబెల్ దొర 1816లోనూ, బ్రౌన్ దొర 1840లోనూ తెలుగు వ్యాకరణాలు ఇంగ్లీషులో అచ్చువేశారు. వాళ్ళ అవస్థ ఒకసారి ఊహించండి. ఇల్లుకి 'కి' చేరిస్తే ఇంటికి అవుతుంది. నెయ్యి నేతికి, చెయ్యి చేతికి, కన్ను కంటికి, ఏరు ఏటికి. ఊరు మాత్రం ఊరికే! ఎందుకంటే మనం చెప్పలేం. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో వీటికి ఔపవిభక్తికాలని పేరు పెట్టి వరస చేశాడు గాని, మన పిల్లలెవరూ అది చదివి ఇంటికి వెళ్ళడం నేర్చుకోలేదు. ఇల్లుకి వెళ్ళాలి అన్న దొరని చూసి అతని మున్షీ లోపల్లోపల నవ్వుకుని ఉండడా? ఉంటే, ఆ నవ్వు బయటికి రాకుండా జాగ్రత్తపడి ఉంటాడు. పాపం, అతని జీతం దొర చేతిలో ఉంది.

1857తో గద్దె మారింది. ఆ ఏడు మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది, మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. గుమస్తా పనికైనా, ప్లీడరీకైనా ఇంగ్లీషు గుమ్మంలోంచే దూరాలి. అక్కణ్ణుంచీ తప్పులు మనవయ్యాయి, నవ్వులు వాళ్ళవయ్యాయి. కొన్నాళ్ళకి నవ్వడం కూడా మనమే నేర్చుకున్నాం. నా ఇంటర్వ్యూలో నవ్విన ముగ్గురూ తెలుగువాళ్ళే. గురజాడవారు 1892లో ఆడించిన కన్యాశుల్కంలో వెంకటేశం తల్లి, కొడుకూ గిరీశమూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని ముచ్చటపడుతుంది గుర్తుందా? వాళ్ళిద్దరూ పద్యం ముక్కలు, లెక్కల ముక్కలు, నామవాచకాలకి బహువచనం చేసే సూత్రం, అన్నీ కలిపి సంభాషణలా అప్పజెబుతారు. ఆవిడ మురిసిపోతుంది. ఆ సన్నివేశానికి మనం గిరీశాన్ని చూసే నవ్వుతూ వచ్చాం. నాకిప్పుడు ఆ తల్లి కనిపిస్తోంది. వినడం తప్ప ఆవిడకి ఎవరు ఏం నేర్పారు గనక!

తర్వాత వచ్చిన గైడ్లూ గ్రామర్లూ చెప్పుకుంటే తరగవు. మా ఇంట్లో ఉన్నది రెన్ అండ్ మార్టిన్. నాన్న తెనాలిలో పాతపుస్తకాల దుకాణంలో కొన్నాడు. అట్ట లేదు, మొదటి పదహారు పేజీలూ లేవు. అందులో రెన్‌గారు బొంబాయి ప్రాంతంలో విద్యాశాఖలో పనిచేసిన మనిషి, బో జెస్ట్ అనే ప్రసిద్ధమైన సాహస నవల రాసిన మనిషీ ఒకరే. 1924లో వచ్చిన ఆ నవల సినిమాగా కూడా తీశారు. నవలలు రాసేవాళ్ళు వ్యాకరణం కూడా రాయగలరని తెలిసి నాకు కొంచెం సిగ్గేసింది. ఆ పుస్తకంలో ఏ నామవాచకం తర్వాత ఏ ప్రిపొజిషన్ రావాలో పట్టికలుంటాయి. అమ్మ వాటిని పెసరపప్పు ఏరుతూ వల్లెవేసేది. కాని పట్టిక ఎప్పుడూ పట్టికే. ఎందుకని అడిగితే నోరు విప్పదు.

నాకు నిజంగా ఊరట కలిగించినవాడు హార్న్‌బీ. ఆయన 1924లో జపాను వెళ్ళి అక్కడి కుర్రాళ్ళకి ఇంగ్లీషు చెప్పాడు. జపాను భాషలోనూ మనలాగే నామవాచకం వెనకే ప్రత్యయాలు వస్తాయి. కాబట్టి అక్కడి కుర్రాళ్ళకీ ఇక్కడి అమ్మకీ ఒకటే జబ్బు. మాటకి అర్థం చెబితే చాలదు, ఆ మాట పక్కన ఏది నిలబడుతుందో కూడా చూపించాలని ఆయన గ్రహించాడు. ఇద్దరు మిత్రులతో కలిసి అలాంటి నిఘంటువు తయారుచేశాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. అప్పటికి యుద్ధం వచ్చి, ఇంగ్లీషువాడు గనక ఆయన్ని నిర్బంధంలో పెట్టి, తర్వాత స్వదేశం పంపేశారు. ఆ పుస్తకాన్నే ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు 1948లో మళ్ళీ వేశారు. ఇవాళ మన పిల్లల బీరువాల్లో ఉండే లావుపాటి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని సంతానమే. అంటే ఏ మాటకి ఏ తోకో చెప్పే పుస్తకం ఇంగ్లండు పిల్లల కోసం పుట్టలేదు, మనబోటి వెనక ప్రత్యయాలవాళ్ళ కోసం పుట్టింది. అందులో ఇంట్రెస్ట్ అన్న మాట తీసి చూడండి. ఇన్ ఒక అర్థానికి, ఆన్ ఒక అర్థానికి, విడివిడిగా, ఎవర్నీ ఎగతాళి చెయ్యకుండా రాసి ఉంటుంది. 2002లో అది నా దగ్గర లేదు.

ఇంగ్లీషువల్ల మన విభక్తులకి తగిలిన దెబ్బ వేరే ఉంది. ఆఫ్ కనిపించినచోటల్లా 'యొక్క', బై కనిపించినచోటల్లా 'చేత' వేసి అనువదించి అనువదించి, 'మంత్రిగారిచేత ప్రారంభించబడిన భవనం యొక్క' అనేదాకా వచ్చాం. నా నవలల్లో యొక్కలు ఏరిపారేయడం నాకు బియ్యంలో రాళ్ళు ఏరినంత పని. దీనిమీద మాత్రం ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ నవ్వరు.

సరే, అమ్మ కాగితం సంగతి. ఇన్ కొట్టేసి ఆన్ రాశాను. తెల్లటి కాగితంమీద ఆ కొట్టివేత చూసి ఆవిడ మొహం చిన్నబోయింది. ఊరడించడానికి ఆ మాట పుట్టుక చెప్పాను. ఇంట్రెస్ట్ అన్నది లాటిన్ మాట, మధ్యన ఉండటం అని మూలార్థం. ఇంగ్లీషులో దానికి మొదట వచ్చిన అర్థం ఆసక్తి కాదు. ఆస్తిలో ఉండే హక్కు, వాటా. ఇప్పటికీ లాయర్లు భూమిలో ఇంట్రెస్ట్ అంటే హక్కనే అర్థం. బాకీ సకాలంలో తీర్చనివాడు ఇచ్చుకోవలసిన నష్టపరిహారానికి అదే పేరు పెట్టి, దాన్నుంచి వడ్డీ చేశారు. పుస్తకాలమీదా చరిత్రమీదా ఆసక్తి అన్న అర్థం చాలా ఆలస్యంగా, పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చి చేరింది.

అమ్మ అంతా విని, కాగితం నా చేతిలోంచి లాక్కుంది.

"ఉండవే. హక్కు అయితే ఇన్నేగా?"

"ఇన్నే."

"నా డిపాజిట్టులో నాకు హక్కుందా, లేదా?"

"ఉంది."

"మరి కొట్టేశావేం?" అని, మా అమ్మాయి చేత ఇంకో తెల్లకాగితం తెప్పించి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి నుంచీ మళ్ళీ రాయడం మొదలెట్టింది. ఈసారి పైన ఏం రాస్తోందో నాకు కనపడకుండా ఎడంచెయ్యి అడ్డం పెట్టుకుంది, పరీక్షహాల్లో పిల్లలు పెట్టుకున్నట్టు.